ముందు కలం, తర్వాత బంతి

మొదట పాదాల్లో తిమ్మిర్లు. రెండో రోజు బాస్కెట్‌బాల్ ప్రాక్టీసులో లేఅప్‌కి, అంటే రింగు దగ్గరకు పరిగెత్తి బంతి వేయడానికి, ఎగరబోతే కాళ్లు నేలను వదల్లేదు. సాయంత్రానికి క్వార్టర్స్ మెట్లెక్కలేక మధ్యలోనే కూలబడ్డాను. అంతకు ముందు వారం టోర్నమెంటు నుంచి వచ్చాక విరేచనాలు పట్టుకుని తగ్గాయి. ఆ రెండింటికీ సంబంధం ఉంటుందని నాకేం తెలుసు?

క్యాజువాలిటీలో డాక్టరుగారు మోకాలి కింద చిన్న సుత్తితో తట్టారు. కాలు కదల్లేదు. రెండోదీ అంతే. గులియన్ బారే సిండ్రోమ్ అన్నారు. ఇన్ఫెక్షన్ మీద పోరాడాల్సిన యాంటీబాడీలే దారితప్పి నరాల మీద పడతాయట. కాళ్లలో మొదలై పైకి పాకుతుంది. ఊపిరి కండరాలకు సోకితే వెంటిలేటరే. అందుకే ఐసీయూలో నర్సు మాటిమాటికీ వచ్చి "ఒక్క గుక్కలో ఎంతదాకా లెక్కపెట్టగలవో చూద్దామ్మా" అనేది. ఇరవై దాటకముందే ఊపిరి అయిపోయేది. నేను లెక్కపెడుతుంటే మా అమ్మ పెదవులు కూడా కదిలేవి. నేను ఆగిన చోట ఆమే ఆగిపోయేది.

ఇమ్యునోగ్లోబ్యులిన్, అంటే దాతల రక్తం నుంచి తీసిన యాంటీబాడీలు, ఐదు రోజులు ఎక్కించారు. లక్షణాలు మొదలైన రెండు వారాల్లోపు ఇస్తేనే ఇది బాగా పనిచేస్తుందట. కాళ్ల బలహీనత పైకి పాకుతోందనిపిస్తే ఒక్క పూట కూడా ఆగకుండా ఐసీయూ ఉన్న ఆసుపత్రికి వెళ్లండి. నాకు వెంటిలేటరు దాకా రాలేదు. కాళ్లు మెల్లగా కదిలాయి. చేతులే మొండికేశాయి. అన్నం కలుపుకోలేను, గుండీ పెట్టుకోలేను.

నేను స్పోర్ట్స్ కోటాలో ఉద్యోగం తెచ్చుకున్న పాయింట్ గార్డుని, అంటే జట్టులో బంతి నడిపించి ఆట నడిపేదాన్ని. మాది శ్రీకాళహస్తి, ఇంట్లో కలంకారీ పని. క్యాంపులకు వెళ్లినా బ్యాగులో బొమ్మలు గీసే వెదురు కలం ఉండాల్సిందే. "ఆటా, బొమ్మలా? ఏదో ఒకటి తేల్చుకో" అన్నవాళ్లకు అమెరికా బాస్కెట్‌బాల్ ఆటగాడు డెస్మండ్ మేసన్ గురించి చెప్పేదాన్ని. ఒక్లహోమా స్టేట్ యూనివర్సిటీలో చిత్రకళ చదివినవాడు. 2000లో అక్కడి పెద్ద లీగు ఎన్‌బీఏ జట్లు కొత్త ఆటగాళ్లను ఎంచుకునే డ్రాఫ్టులో 17వ పిక్‌గా సియాటిల్ సూపర్‌సోనిక్స్ అతన్ని తీసుకుంది. 2001లో ఎన్‌బీఏ డంక్ పోటీ, అంటే ఎగిరి బంతిని చేత్తో రింగులోకి కొట్టే పోటీ, గెలిచాడు. 2003లో రే ఆలెన్ అనే ఆటగాడి కోసం సహచరుడు గ్యారీ పేటన్‌తో పాటు అతన్నీ మిల్వాకీ జట్టుకు ఇచ్చేశారు. జట్లు మారినా బొమ్మలు మానలేదు, ఆట మానేశాక పూర్తిగా వాటికే అంకితమయ్యాడు. రెండు పడవల మీద కాళ్లు అని నన్నన్నప్పుడల్లా ఈ మనిషే గుర్తొచ్చేవాడు. కానీ ఆసుపత్రి మంచం మీద నాకు ఆటా లేదు, బొమ్మా లేదు. అతని పేరు తలుచుకుంటేనే ఏడుపొచ్చేది.

డిశ్చార్జి అయ్యాక థెరపిస్టు "పెన్సిలుకు గుడ్డ చుట్టి లావు చేస్తే పట్టు దొరుకుతుంది, రోజూ గీతలు గీయండి" అన్నారు. నాయన ఏమీ మాట్లాడకుండా లోపలికెళ్లి కలం తెచ్చారు. వెదురుపుల్లకు మొన కాస్త పైన గుడ్డ చుట్టి, దారంతో బిగించి కడతాం కదా, థెరపిస్టు చెప్పింది అదే! కసిమిలో ముంచితే ఆ గుడ్డ పీల్చుకుంటుంది. తుప్పు ఇనుము, బెల్లం నీళ్లలో ఊరబెట్టిన నలుపు అది. వేళ్లతో గుడ్డను నొక్కినకొద్దీ రంగు మొనకు దిగుతుంది. గట్టిగా నొక్కితే మరక, నొక్కలేకపోతే పొడిగీత. కరక్కాయ, పాలు పట్టించిన గుడ్డ మీద గీత పడగానే నల్లబడుతుంది, చెరపడానికి వీల్లేదు.

"ఏం కాదులే పాపా, ఇంకొకటి గియ్" అనేవారు నాయన. మొదట్లో పొడిగీతలే. బొటనవేలు, చూపుడువేలు వణికిపోయేవి. ఒక మధ్యాహ్నం అంచు తీగ ఒకటి మధ్యలో తెగకుండా మలుపు తిరిగింది. నాయన దాన్ని కిటికీ దగ్గరకు తీసుకెళ్లి వెలుతురులో చాలాసేపు చూశారు.

బంతి ఆ తర్వాతే. ఎవరూ అడ్డుకోకుండా బంతి వేసే ఫ్రీ త్రో గీత నుంచి రింగు బోర్డు 4.6 మీటర్లు. మొదటిసారి నిలబడితే నా బంతి రింగుకు తగలనేలేదు. బంతిని చివర్లో తిప్పి వదిలేది వేళ్లే, భుజం కాదు. ఆ వేళ్లకు బలం కలమే తెచ్చిందని నా నమ్మకం, థెరపిస్టు కూడా కాదనలేదు.

ఇప్పుడు కోచ్ సార్ నన్ను రెండో క్వార్టర్లో దింపుతున్నారు. అరికాళ్లలో తిమ్మిరి ఇంకా ఉంది, వేసవిలో అలసట త్వరగా వస్తుంది. వచ్చే నెల క్యాంపుకు బ్యాగు సర్దుతూ రెండు కలాలు పెట్టుకున్నాను. జట్టులో ఒక చెల్లి నేర్పమని వెంటపడుతోంది.