కోరా కోసం దాచిన పుస్తకాలు

నా ప్రయాణం వెక్టెరా అనే చిన్న చంద్రుడి మీద, ఒక గనిలో మొదలైంది. సంవత్సరం 2330. తవ్వుతూ తవ్వుతూ ఒక వింత లోహపు ముక్కను ముట్టుకున్నాను. కళ్ల ముందు ఒక్కసారిగా వెలుగు, ఏదో సంగీతం, ఆ వెంటనే స్పృహ తప్పింది. లేచాక బారెట్ అనే పెద్దమనిషి వచ్చి తన షిప్‌నూ, వాస్కో అనే రోబోనూ నాకు అప్పగించాడు. ఆ ముక్కను న్యూ అట్లాంటిస్‌లో ఉన్న తనవాళ్లకు చేర్చమన్నాడు. ముక్కూ మొహం తెలియని మనిషిని నమ్మి షిప్ ఇచ్చేశాడే అని మనసు నిండిపోయింది.

ఇదంతా స్టార్‌ఫీల్డ్ అనే వీడియో గేమ్‌లో జరిగింది. దాన్ని బెథెస్డా అనే గేమ్ సంస్థ వాళ్లు 2023 సెప్టెంబరు 6న విడుదల చేశారు. నేను చాలా ఆలస్యంగా మొదలుపెట్టి, ఆఫీసు పని అయ్యాక రాత్రిళ్లు ఆడి, సుమారు 140 గంటలకు మొన్న ముగించాను. గేమ్ అనకుండా ప్రయాణం అంటున్నాను, ఎందుకంటే నాకు గుర్తున్నవి తుపాకులు కాదు, వెళ్లిన చోట్లు. కథ చివరిదాకా చెప్పేస్తాను కాబట్టి ఆడాలనుకునేవాళ్లు ఇక్కడే ఆగిపోవచ్చు.

న్యూ అట్లాంటిస్ ఉన్నది ఆల్ఫా సెంటారి దగ్గర, మనకు నాలుగు కాంతి సంవత్సరాల పైచిలుకు దూరంలో. తెల్లటి మేడలు, పచ్చటి చెట్లు, శుభ్రమైన దారులు. లిఫ్ట్ ఎక్కి కిందికి దిగితే అదే నగరం అడుగున ఇరుకు సందుల్లో పేదలు బతుకుతుంటారు. నా పాత్రను తయారు చేసుకునేటప్పుడు అమ్మానాన్నలు బతికే ఉండేలా ఎంచుకున్నాను. సంపాదనలో కొంత వాళ్లకు దానంతటదే వెళ్తుంది. ఎప్పుడైనా ఇంటికి వెళ్లి పలకరించవచ్చు. మొదటిసారి ఆ తలుపు తీసుకుని వెళ్లినప్పుడు వాళ్లు పడిన సంబరం చూసి, గేమ్ ఆపేసి మా అమ్మకు ఫోన్ చేశాను.

అకీలా దుమ్ము పట్టిన ఊరు. నియాన్ సముద్రం మధ్యలో ఒకప్పటి చేపలవేట కేంద్రం, ఇప్పుడు మత్తుమందుతో బతుకుతున్న నగరం. రెండూ బాగున్నాయి, కానీ దారే లేదు. షిప్ ఎక్కితే ఒక లోడింగ్ తెర, పైకి లేస్తే ఇంకొకటి, దిగితే మరొకటి. రైల్లో వెళ్తుంటే ఊరు వచ్చే ముందు తాటిచెట్లు కనిపిస్తాయి, తర్వాత గేటు, తర్వాత స్టేషన్ పేరు. ఆ కాసేపట్లోనే మనసు ఊరికి సిద్ధపడుతుంది. ఇక్కడ కన్ను మూసి తెరిచేలోగా ఊళ్లో ఉంటాం. అంత పెద్ద ఆకాశం పెట్టుకుని దాన్ని దాటే అనుభవం ఇవ్వకపోవడం నన్ను చివరిదాకా బాధించింది.

గ్రహాలు ఖాళీగా ఉన్నాయని చాలామంది విసుక్కున్నారు. నాకు ఆ ఖాళీ నచ్చింది. గాలి లేని ఒక చంద్రుడి మీద దిగినప్పుడు నా ఊపిరి చప్పుడు తప్ప ఏమీ లేదు. మెల్లగా ఈ గేమ్‌కు ఇనాన్ జుర్ కూర్చిన సంగీతం మొదలైంది. కొండ అంచు వెనక నుంచి చారల చారల పెద్ద గ్రహం ఒకటి పైకి వస్తోంది. పావుగంట కదలకుండా నిలబడ్డాను. గేమ్‌లో నాకు దక్కిన మంచి పావుగంటల్లో అదొకటి.

నన్ను విరిచేసింది ఖాళీ కాదు, నకలు. ఒక గ్రహం మీద పాడుబడిన క్రయో ల్యాబ్, అంటే గడ్డకట్టే చలిలో ప్రయోగాలు చేసే చోటు, దొరికింది. లోపల గోడలకు మంచు పట్టి ఉంది, పైపులు గడ్డకట్టి ఉన్నాయి. అక్కడ చిక్కుకున్నవాళ్లు రాసుకున్న మాటలు చదివి నిజంగా దిగులుపడ్డాను. నాలుగు రోజుల తర్వాత వేరే నక్షత్రం దగ్గర, వేరే గ్రహం మీద తలుపు తెరిస్తే అదే ల్యాబ్. అదే మలుపు, అదే బల్ల, అదే మూలన అదే శవం, అవే మాటలు. మొదటిసారి పడిన దిగులు ఎవరో వెనక్కి లాక్కున్నట్టయింది. మన పాత్రకు అతీత శక్తులిచ్చే గుళ్లదీ అదే వరస. మొత్తం 24 శక్తులు. ప్రతి గుడిలోనూ గాలిలో తేలుతూ వెలుగు చుక్కలను పట్టుకోవాలి, రింగు వెలగగానే అందులోంచి దూరాలి. మొదటి గుడిలో ఒళ్లు జలదరించింది, పదో గుడికి గడియారం చూసుకున్నాను. 2024 ఆగస్టులో నేల మీద తిరగడానికి బండి ఇచ్చారు. నడక తగ్గింది గానీ చేరే చోటు మారలేదు.

అయితే మనుషులు కూర్చుని చేత్తో అల్లిన చోట్ల ఈ గేమ్‌కు తిరుగులేదు. ఫ్రేయా అనే నక్షత్రం చుట్టూ ఉన్న గ్రహాల్లో ఒకదాని మీద నిషినా పరిశోధన కేంద్రం ఉంది. అక్కడ ఒక ప్రయోగం వికటించి ఒకే కేంద్రం రెండు లోకాలుగా చీలిపోయింది. ఒకదానిలో అందరూ క్షేమం. రెండోదానిలో అంతా బూడిద, మృగాలు, రఫాయెల్ అనే ఒక్కడే మిగిలాడు. వెలుగుతో కాలే గదిలోంచి నడుస్తుంటే అడుగడుక్కీ లోకం మారిపోతుంది. ఇటు అడ్డున్న తలుపుకు అటు దారి. చివరికి ఒక వైపే కాపాడాలంటారు. ఓపిక పట్టి మీటలు సరిచేసుకుంటూ పోతే రెండు వైపులవాళ్లనూ దక్కించుకోవచ్చు. తెల్లవారుజాము మూడింటికి అది సాధించి ఒక్కణ్నే గదిలో చప్పట్లు కొట్టాను.

భూమి గురించి చెప్పాలి. ఈ కథలో భూమి చచ్చిపోయింది. నక్షత్రాల మధ్య దూకడానికి కనిపెట్టిన ఇంజినే భూమి అయస్కాంత క్షేత్రాన్ని దెబ్బతీసి, గాలి అంతా పోయేలా చేసింది. కొన్ని పుస్తకాలు దొరికి చదివితేనే పాత నగరాల గుర్తులు మ్యాపులో కనిపిస్తాయి. లండన్‌లో ఇసుక మీద ఒక్క ఎత్తైన భవనం, దాని దగ్గర చిన్న గాజుగోళం. కైరోలో పిరమిడ్. మన దేశపు గుర్తు నాకెక్కడా దొరకలేదు.

మాది సూళ్లూరుపేట. రాకెట్ వెళ్లే రోజు నాన్న అందరినీ మేడ మీదికి పిలిచేవారు. ముందు వెలుగు కనిపించేది, కాసేపటికి చప్పుడు వచ్చి కిటికీలు అదిరేవి. గేమ్ విడుదలకు రెండు వారాల ముందే, ఆగస్టు 23న, మా పక్కనున్న శ్రీహరికోట నుంచి వెళ్లిన చంద్రయాన్-3 చంద్రుడి మీద దిగింది. అది గేమ్‌లో ఉండే అవకాశం లేదని తెలిసీ చంద్రుడి మీద వెతికాను. అపోలో దిగిన చోటు ఉంది. దాని దగ్గర కాసేపు నిలబడి, భూమికి వెళ్లి, అంచనా మీద మా ఊరు ఉండాల్సిన చోట షిప్ దింపాను. బూడిద రంగు ఇసుక. పులికాట్ లేదు, కొంగలు లేవు, తూర్పున సముద్రం లేదు. ఊరికే చాలా దూరం తూర్పుకు నడిచాను.

నా షిప్‌లో బారెట్ జట్టువాడైన సామ్ కో, అతని చిన్న కూతురు కోరా ఉండేవారు. కోరాకు పుస్తకాల పిచ్చి. ఎక్కడ పుస్తకం దొరికినా సంచిలో వేసుకుని తనకు తెచ్చేవాణ్ని. బరువెక్కువైతే తుపాకులు పారేశాను గానీ పుస్తకాలు పారెయ్యలేదు. కథ మధ్యలో హంటర్ అనేవాడు మా మీద దాడి చేస్తాడు. ఒకేసారి రెండు చోట్ల, మనం ఒకచోటే ఉండగలం. నేను నగరంలో ఉన్నవాళ్లను కాపాడటానికి ఆగాను. పైన అంతరిక్ష కేంద్రంలో ఉన్న సామ్ చనిపోయాడు. తర్వాత కోరా నా మీద కోపంతో మాట్లాడిన మాటలకు నా దగ్గర జవాబు లేదు. సంచిలో తనకని పెట్టిన పుస్తకాలు అలాగే ఉండిపోయాయి.

గనిలో దొరికినలాంటి లోహపు ముక్కలన్నీ కూడితే యూనిటీ అనే చోటికి తీసుకెళ్తాయి. అక్కడ నా రూపమే ఎదురొచ్చి, నేను చేసిన పనుల వల్ల ఎవరికేం జరిగిందో చెప్పింది. ముందుకు నడిస్తే ఇంకో విశ్వం. షిప్, ఇల్లు, డబ్బు, మనుషులు అన్నీ ఇక్కడే వదిలెయ్యాలి. ఆ విశ్వంలో సామ్ బతికే ఉంటాడని తెలిసి నడిచాను.

కొత్త షిప్‌లో కళ్లు తెరిచి నేరుగా న్యూ అట్లాంటిస్ వెళ్లాను. సామ్ ఉన్నాడు. కోరా కూడా ఉంది. ఇద్దరూ కొత్త మనిషిని చూసినట్టే చూశారు. సంచి తెరిచి చూస్తే ఒక్క పుస్తకం కూడా లేదు. బయటికి వచ్చి నగరంలో ఒక్కో గది, ఒక్కో బల్ల వెతకడం మొదలుపెట్టాను.