కప్పు ఊపితేనే కాఫీ ఆగుతుంది

మా పెద్దమ్మ కొడుకు రాజంపేట నుంచి కువైట్‌కు డ్రైవర్‌గా వస్తూ అరబ్బీ మాటలు కాగితం నిండా రాసుకొచ్చాడు. "అవి వినీ వినీ అవే వస్తాయిలే, ముందు కాఫీ తాగడం నేర్చుకో" అన్నాను. నవ్వాడు.

ఇక్కడి ఇళ్లలో దివానియా అని ఉంటుంది. మగవాళ్లు సాయంత్రాలు చేరే చోటు, మన రచ్చబండకు ఏసీ పెట్టినట్టు. లోపలికి పోగానే కూర్చున్నవాళ్లకు సలాం చెప్పాలి. తర్వాత గహ్వా, అంటే అరబ్బీ కాఫీ, వస్తుంది. ఏలకుల వాసన, పాలుండవు, చక్కెరుండదు. పోసేవాడు కూజా ఎడమచేత్తో పట్టుకుని, పిడి లేని చిన్న కప్పులో కాస్తంతే పోసి కుడిచేత్తో ఇస్తాడు. మనమూ కుడిచేత్తోనే అందుకోవాలి. ఖాళీ కప్పు ఊరికే చాపితే మళ్లీ పోస్తాడు. చాలనుకుంటే కప్పును అటూ ఇటూ కాస్త ఊపాలి.

పని మాట ఆ తర్వాతే. మనవాళ్లు చాలామంది గడపలోనే మొదలుపెడతారు, "బాబా, సెలవు కావాలి" అని, అదీ నలుగురి ముందు. పనిచ్చిన ఇంటి పెద్దాయన సరే అనలేడు, కాదనలేడు. అతిథుల ముందు ఇరుకున పెడితే ఎవరికి కోపం రాదు? ఇక రూముకొచ్చి "అరబ్బీలకు పొగరు" అని తిట్టుకోవడం. పొగరుబోతులు లేరని కాదు. పాస్‌పోర్టులు దాచిపెట్టే సేఠ్‌లూ ఉన్నారు. వాళ్ల దగ్గర మర్యాదలేం పనిచేయవు, ఎంబసీకి పోవాల్సిందే. నేను చెప్పేది మామూలు మనుషుల సంగతి.

ఇంటి ఆడవాళ్ల గురించి విడిగా అడగకూడదు, "ఇంట్లో అందరూ బాగున్నారా" అంటే చాలు. మన తాతలూ అంతే కదా. పసిపిల్లల్ని మెచ్చుకుంటే వెంటనే మాషా అల్లా అనాలి, లేదంటే దిష్టి తగులుతుందని భయపడతారు. ఇది మాత్రం మావాడికి ఇట్టే ఎక్కింది. వాళ్లమ్మ ఉప్పు దిగదీయని రోజు లేదు మరి.

మొన్న వాడికి చెల్లెలి పెళ్లికని నెల సెలవు కావాల్సొచ్చింది. శుక్రవారం నమాజు అయ్యాక, కారులో పెద్దాయన ఒక్కడే ఉన్నప్పుడు, ఇంట్లోవాళ్ల యోగక్షేమాలన్నీ అడిగి అప్పుడు కదిపాడు. ఇరవై రోజులిచ్చాడు, టికెట్టు కూడా తనే కొనిస్తానన్నాడు. మావాడికి పోయిన పది రోజుల మీదే బాధ. "ఇంకోసారి అడుగుతా అన్నా" అంటున్నాడు. రంజాన్ అయ్యేదాకా ఆగమన్నాను. ఉపవాసంతో, ఇఫ్తార్ టైముకు ఇల్లు చేరాలన్న టెన్షన్‌లో, ట్రాఫిక్ మధ్య అడిగితే ఆ ఇరవై కూడా ఎగిరిపోతాయి.