సిలబస్‌లో లేని పుస్తకాలు

మన భాషలో ఒక చిక్కుంది. ఎవరినైనా "ఏం చదువుతున్నావు?" అని అడిగితే పుస్తకం పేరు చెప్పరు. ఇంటర్ సెకండియర్ అంటారు, డిగ్రీ అయిపోయింది గ్రూప్స్ రాస్తున్నా అంటారు. నలభై దాటినవాళ్లను అడిగితే వాళ్ల పిల్లలు ఏ కాలేజీలో ఉన్నారో చెప్పడం మొదలుపెడతారు. బడి, పరీక్ష, ఉద్యోగం అన్నీ కలిసి ఆ ఒక్క మాటలోనే కూర్చున్నాయి, ఊరికే ఇష్టం కొద్దీ చదువుకోవడానికి విడిగా మాటే మిగల్లేదు. అందుకని ఈ నెల్లాళ్లూ నేను ప్రశ్న మార్చాను. "పడుకునే ముందు ఏ పుస్తకం తీస్తున్నారు?" అని అడుగుతున్నాను. ఇంట్లో, అపార్ట్‌మెంట్‌లో, ఆఫీసులో, కనిపించిన ప్రతివాళ్లనీ. కొందరు ఫోన్ తీస్తున్నామన్నారు, సరే. కానీ పుస్తకం పేరు చెప్పినవాళ్లు మాత్రం ఒక్క పేరుతో ఆపలేదు, నిలబడ్డచోటే పావుగంట మాట్లాడారు.

ముందు మా పిన్ని కొడుకు సంగతి చెప్పాలి. మిర్యాలగూడ నుంచి వచ్చి ఇక్కడ హైదరాబాదులో రూమ్ తీసుకుని రెండేళ్లుగా గ్రూప్స్‌కి ప్రిపేర్ అవుతున్నాడు. పొద్దున్నే టిఫిన్ బాక్సు పట్టుకుని చిక్కడపల్లి సిటీ సెంట్రల్ లైబ్రరీకి వెళ్తే రాత్రికే మళ్లీ రూమ్‌కి చేరేది. ఆ లైబ్రరీ మీలో చాలామంది చూసే ఉంటారు, కుర్చీ దొరక్క చెట్ల కింద, మెట్ల మీద కూర్చుని చదివే పిల్లలు వందల్లో ఉంటారు. వాడిని నా ప్రశ్న అడిగితే మొదట మాట దాటేశాడు. తర్వాత మెల్లగా, తప్పు ఒప్పుకుంటున్నట్టు, "నవల ఒకటి చదువుతున్న అక్కా, అమ్మకు చెప్పకు" అన్నాడు.

ఆ నవల వట్టికోట ఆళ్వారుస్వామి రాసిన 'ప్రజల మనిషి'. తెలంగాణ సాహిత్యం చాప్టర్‌లో అది వాడికి ఒక బిట్. నవల పేరు ఇచ్చి రచయిత ఎవరంటారు, నాలుగు ఆప్షన్లు ఉంటాయి, మూడు సెకన్లలో గుర్తుపట్టి ముందుకు పోవాలి. వాడు రెండేళ్లుగా దాన్ని అలాగే బట్టీ కొట్టాడు. ఒక ఆదివారం ఆబిడ్స్ వైపు పోయి, మూసిన షాపుల ముందు ఫుట్‌పాత్ మీద పరిచిన పాత పుస్తకాల మధ్య అదే పేరు అట్ట మీద చూశాడట. "బిట్ లెక్క తెలిసిన పేరు పుస్తకం లెక్క కనపడేసరికి ఏదోలా అనిపించింది అక్కా, 80 రూపాయలు పెట్టి తెచ్చుకున్న" అన్నాడు. ఆ మాట విన్నప్పటి నుంచి నా మనసులో తిరుగుతూనే ఉంది.

కంఠీరవం అనే కుర్రాడు దొర ముందు నిలబడే కథ అది. తెలంగాణ నుంచి వచ్చిన తొలి నవల అని దాన్నే చాలామంది చెబుతారు. మా తమ్ముడికి మాత్రం ఇప్పుడు ఆ నవలలో మనుషులంతా తెలిసినవాళ్లు. ఫోన్ చేస్తే వెట్టి గురించి, దొర గడి గురించి చెబుతాడు, వాళ్ల తాత చెప్పిన మాటలతో కలిపి చెబుతాడు. ఆళ్వారుస్వామి గురించి నాకు తెలిసింది నేనూ చెప్పాను. ఆయన 1938లో దేశోద్ధారక గ్రంథమాల పెట్టి, నిజాం కాలంలో తెలుగు పుస్తకాలు అచ్చు వేయించి, వాటిని స్వయంగా మోసుకుని ఊరూరా తిరిగి అమ్మినవాడు. జైలుకు కూడా వెళ్లాడు, దాశరథి కృష్ణమాచార్య, ఆయన నిజామాబాద్ జైల్లో కలిసి ఉన్నారు. కోఠి దగ్గర సుల్తాన్ బజార్‌లో 1901లో పెట్టిన శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయం ఇప్పటికీ ఉంది, నువ్వున్న చోటికి దూరం కాదు, ఒకసారి చూసి రమ్మన్నాను. "పరీక్ష అయినంక పోత" అన్నాడు. చదువు మానేసి నవలలు చదవమని నేను వాడికి చెప్పను, ఉద్యోగం వాడికి ఎంత అవసరమో నాకు తెలుసు. కానీ రాత్రి పదిహేను పేజీలు చదివినందుకు పిల్లవాడు దొంగతనం చేసినట్టు మాట్లాడటం నాకు నిజంగా బాధ కలిగించింది. ఆ పదిహేను పేజీలే వాడిని ఆ రూమ్‌లో నిలబెడుతున్నాయని నా నమ్మకం.

రెండో అంతస్తులో ఉండే రిటైర్డ్ సార్ దాశరథి రంగాచార్య 'చిల్లర దేవుళ్లు' మళ్లీ చదువుతున్నారు. ఎన్నోసారి సార్ అంటే, లెక్క పెట్టుకోలేదమ్మా అన్నారు. ఆ నవలలో పల్లె మనుషులు మాట్లాడే మాట తన చిన్నప్పటి మాట అని, ఉద్యోగంలో చేరాక ఆ మాట నోట్లోంచి పోయిందని, పుస్తకం తెరిస్తే తిరిగి వినపడుతుందని చెప్పారు. అంతకంటే మంచి కారణం నాకు ఇంకెవరూ చెప్పలేదు. ఆఫీసులో నా పక్కసీటు అమ్మాయి 'అమరావతి కథలు' చదువుతోంది. మొత్తం 100 కథలు, ఒక్కోటి మూడు నాలుగు పేజీలే, బాపు బొమ్మలు. అమీర్‌పేటలో మెట్రో ఎక్కితే మాదాపూర్ వచ్చేలోపు ఒక కథ అయిపోతుందట, మిగిలిన టైమ్ దాని గురించే ఆలోచిస్తూ కూర్చుంటుందట. టీం లీడ్ ఒకాయన మాత్రం పెట్టుబడుల పుస్తకాలు తప్ప ఏమీ చదవనన్నారు. ఆయనకు అందులోనే ఆనందం ఉందేమో, నేనేమీ అనలేదు.

మా అమ్మ దగ్గరున్నది అసలు పుస్తకం కూడా కాదు. యద్దనపూడి సులోచనారాణి 'సెక్రటరీ' 1960ల్లో పత్రికలో సీరియల్‌గా వచ్చేటప్పుడు మా పెద్దమ్మ నెలనెలా పేజీలు కత్తిరించి, దబ్బనంతో కుట్టి, పాత క్యాలెండర్ అట్ట వేసి పెట్టుకుంది. పెళ్లయ్యాక అది అమ్మకు వచ్చింది. పేజీలు గోధుమరంగుకు తిరిగాయి, అంచులు ముట్టుకుంటే పొడి రాలుతుంది, చివరి నెల పేజీలు ఎప్పుడో పోయాయి. కొత్త ప్రతి కొనిస్తానంటే వద్దంది. మా అక్క కూతురికి తెలుగు గబగబా చదవడం రాదు, కూడబలుక్కుంటూ అమ్మమ్మకు చదివి వినిపిస్తుంది. జయంతి, రాజశేఖరం గొడవ పడ్డప్పుడల్లా ఆ పిల్ల ఆపి, ఎందుకు మాట్లాడుకోరు వీళ్లు, అని అడుగుతుంది. పేజీలు అయిపోయినచోట నుంచి అమ్మ నోటితో చెబుతుంది. ఈసారి చెప్పింది పోయినసారి చెప్పినట్టే లేదు.

ఇక నేను. తార్నాకలో ఎక్కి రాయదుర్గంలో దిగుతాను, ముప్పావు గంట పైనే పడుతుంది. సీటు దొరికినా దొరక్కపోయినా ఆ సమయమంతా నాది. ఇప్పుడు నా బ్యాగులో ఉన్నది ఏనుగుల వీరాస్వామయ్య 'కాశీయాత్ర చరిత్ర'. ఆయన మద్రాసు సుప్రీం కోర్టులో ఇంటర్‌ప్రిటర్. 1830 మే 18న పరివారంతో, పల్లకీ బోయీలతో బయల్దేరి కాశీకి వెళ్లి, 1831 సెప్టెంబరులో మద్రాసు తిరిగొచ్చాడు. దారి పొడుగునా చూసిందంతా స్నేహితుడికి రాసి పంపాడు. ఆ రాతలే 1838లో పుస్తకంగా అచ్చయ్యాయి. మొదట పది పేజీలు చదవడానికి నాకు మూడు రోజులు పట్టింది. వాక్యాలు పొడుగు, మాటలు పాతవి, మధ్యలో ఊపిరి తీసుకునే చోటు ఉండదు. తర్వాత చెవి అలవాటు పడింది. ప్రతి మజిలీలో ఆయనకు కావలసినవి ఒకటే: ఊళ్లో ఎన్ని ఇళ్లున్నాయి, అంగళ్లున్నాయా, మంచినీళ్లు దొరుకుతాయా, దారి రాళ్లదా ఇసుకదా. తన వెనక వచ్చేవాళ్లకు పనికొస్తుందని రాశాడు. దాదాపు రెండు వందల ఏళ్ల తర్వాత మెట్రోలో రాడ్ పట్టుకుని నిలబడి చదువుతున్న నాకు ఆ నీళ్ల బావుల లెక్కలు ఎందుకు ఇంత ఇష్టంగా ఉన్నాయో చెప్పమంటే, ఆయన ప్రతి ఊరినీ అంత శ్రద్ధగా చూశాడు కాబట్టి, అంతే.

కాశీ వెళ్లేదారిలో ఆయన హైదరాబాదు మీదుగానే వెళ్లాడు. ఆ పేజీలు వచ్చిన రోజు నేను మాదాపూర్, దుర్గం చెరువు దాటిపోయినా తల ఎత్తలేదు.

ఈ పూట నాగపూర్ దాకా వచ్చాం. నా వేగంతో కాశీ చేరడానికి ఇంకో రెండు వారాలైనా పడుతుంది. అక్కడి నుంచి గయ, కలకత్తా, జగన్నాథం మీదుగా తిరుగు ప్రయాణం కూడా ఉంది. అయిపోగానే పుస్తకం రెండో అంతస్తు సార్‌కి ఇస్తానని మాటిచ్చాను, ఆయన మెట్ల మీద కనిపించినప్పుడల్లా "ఎక్కడిదాకా పోయిన్రమ్మా?" అని అడుగుతున్నారు.