పంపు స్టవ్వులో మార్చకూడని చోట్లు

గత వేసవిలో ఒక గురువారం హైదరాబాదులోని జుమ్మెరాత్ బజారులో, చెవుల్లేని తాళాలూ రెక్కలు విరిగిన ఫ్యాన్లూ పరిచిన గోనెపట్టా మీద, టిఫిను డబ్బా అంత ఉన్న ఒక రేకు పెట్టె నా కంటబడింది. మూత తీసి చూస్తే లోపల చిన్న ఇత్తడి ట్యాంకు, విడిగా తీసి పెట్టిన బర్నరు, మూడు ఇనుప కాళ్లు, కాలి నల్లబడిన ఒక గుండ్రటి బిళ్ల ఉన్నాయి. అది ప్రైమస్ కంపెనీ వారి 96వ నంబరు స్టవ్వు. అర పైంటు, అంటే పావు లీటరుకు కాస్త ఎక్కువ కిరసనాయిలు పడుతుంది. పని అయిపోయాక విప్పి, పెట్టెలో సర్ది, వీపు సంచిలో వేసుకోవడానికి వీలుగా దాన్ని తయారు చేశారు. అమ్మే ఆయన దాన్ని దేనికి వాడతారో అడగలేదు, నేనూ చెప్పలేదు. ఇత్తడి తూకం ధరకే ఇచ్చేశాడు.

దీని పెద్దన్న లాంటి పంపు స్టవ్వు ఒకప్పుడు మన ఇళ్లలో చాలా వాటిలో ఉండేది. స్టాక్‌హోంలో ఫ్రాన్స్ విల్హెల్మ్ లిండ్‌క్విస్ట్ 1892లో రూపొందించిన ప్రైమస్ స్టవ్వే దానికి మూలం. వత్తి లేకుండా, మసి లేకుండా కిరసనాయిలును మండించడం అందులోని కొత్తదనం. పంపు కొడితే ట్యాంకులో గాలి ఒత్తిడి పెరుగుతుంది. ఆ ఒత్తిడికి నూనె నిలువు గొట్టంలో పైకి ఎక్కి, ముందే వేడెక్కి ఉన్న బర్నరు గొట్టాలలో ఆవిరై, సన్నని నిపిల్ రంధ్రం గుండా దూసుకువచ్చి, దారిలో గాలిని కలుపుకొని నీలి మంటగా మండుతుంది. ఆ మంటే బర్నరును వేడిగా ఉంచుతుంది కాబట్టి, ఒకసారి అంటుకున్నాక స్టవ్వు తనను తాను నడుపుకుంటుంది. మా అమ్మ, బర్నరును ముందుగా వేడెక్కించే స్పిరిటు దొరకని రోజున, బర్నరు కింది గిన్నెలో కిరసనాయిల్లో తడిపిన గుడ్డపీలిక పెట్టి వెలిగించేది. పీలిక ఆరిపోయే ఘడియను కనిపెట్టి సరిగ్గా అప్పుడు పంపు కొట్టేది. తొందరపడితే నూనె ఆవిరి కాకుండానే చిమ్మి, పసుపు మంట గూటిదాకా లేచేది. ఆలస్యమైతే మళ్లీ మొదటికి వచ్చేది.

పాత స్టవ్వుకు మార్పులు చేసుకోవడం పనిలేనివాడి సరదా అనుకునేవారికి ఒక సంగతి చెప్పాలి. 1952 మే నెలలో స్విస్ దళానికి చెందిన రేమండ్ లాంబర్, టెన్జింగ్ నార్గే ఎవరెస్టు మీద దాదాపు 8,400 మీటర్ల ఎత్తున స్టవ్వు లేకుండా ఒక రాత్రి గడపవలసి వచ్చింది. కొవ్వొత్తి మంట మీద మంచు కరిగించుకొని, ఆ కాసిన్ని నీళ్లతోనే గొంతు తడుపుకున్నారు. మరుసటి ఏడాది శిఖరాన్ని చేరిన బ్రిటిష్ దళంలో శరీరధర్మ శాస్త్రవేత్తగా ఉన్న గ్రిఫిత్ ప్యూ, అంత ఎత్తున మనిషికి రోజుకు మూడు నాలుగు లీటర్ల ద్రవం కావాలని పట్టుబట్టాడు. అంత మంచు కరగాలంటే మంట వేడి గాలికి పోకుండా గిన్నెకు అందాలి. అందుకే ఆ దళం తీసుకువెళ్లిన ప్రైమస్ స్టవ్వులు మార్పులు చేసినవి. నా డాబా మీద మంచు లేదు, మే నెల గాలి మాత్రం ఉంది. మంట వేడిని గిన్నెకు అందనివ్వకపోవడమే దాని పని కూడా.

ఈ పనిలోకి దిగేవారు స్టవ్వును మనసులో రెండుగా విడదీసుకోవాలన్నది నా అభిప్రాయం. ట్యాంకు, పంపు, పంపు అడుగున ఉండే వాల్వు, గాలి వదిలే స్క్రూ ఒత్తిడిని మోసే వైపువి. గాలికి అడ్డు పెట్టే రేకు, గిన్నె నిలిపే కాళ్లు, స్పిరిటు గిన్నె మంట వైపువి. బర్నరు రెండింటి మధ్యా ఉంటుంది. మంట వైపు మన తెలివి ఎంతైనా చూపవచ్చు. ఒత్తిడి వైపు ఉన్నదాన్ని ఉన్నట్టు తిరిగి నిలబెట్టడమే మన పని, అక్కడ కొత్త ఆలోచనలకు చోటు లేదు. ఈ గీత నేను పుస్తకం చదివి గీసుకున్నది కాదు. ఎలా గీసుకున్నానో కింద చెబుతాను.

మొదటి పని శుభ్రం చేయడం. ఇత్తడి కదా అని రాత్రంతా చింతపండు నీళ్లలో నానబెట్టకూడదు. పులుపు పైపొరలోని జింకును తినేసి రాగిని మిగులుస్తుంది కాబట్టి, పొద్దున్నకు ట్యాంకు బంగారు రంగుకు బదులు గులాబీ రంగులో కనిపిస్తుంది. పావుగంట చాలు, ఆ తరువాత కొబ్బరి పీచుతో రుద్దాలి. ట్యాంకును మంట మీద పెట్టి పాత జిడ్డు కాల్చేద్దామన్న ఆలోచన అసలు రాకూడదు. ఇటువంటి పాత ట్యాంకుల అతుకులు చాలావరకు తగరం, సీసం కలిసిన టంకంతో వేసినవి. ఆ టంకం 183 డిగ్రీల దగ్గరే కరగడం మొదలుపెడుతుంది.

తరువాత గాలి పరీక్ష. ఖాళీ ట్యాంకులో నూనె చుక్క కూడా లేకుండా చూసి, బర్నరు చోట బోల్టు బిగించి, పంపు కొట్టి, పంక్చరు షాపువాడు ట్యూబును ముంచినట్టే బకెట్టు నీళ్లలో ముంచాను. అతుకుల దగ్గర ఒక్క బుడగ కూడా రాలేదు. పంపు గొట్టం నోటి నుంచి మాత్రం చిన్న బుడగలు వరుసగా వచ్చాయి. అంటే లోపలి వాల్వు గాలిని ఆపడం లేదన్నమాట.

ఆ వాల్వు పంపు గొట్టం అట్టడుగున ఉంటుంది, మామూలు స్పానరు అక్కడికి అందదు. ఇనుప గొట్టం ముక్క ఒకటి తీసుకొని, దాని చివర ఆకురాయితో గాడి కోసి, రెండో చివర అడ్డంగా కడ్డీ దూర్చి, ఆ పనిముట్టుతో రెండు సాయంత్రాలు కుస్తీ పడితే వాల్వు బయటికి వచ్చింది. కందిగింజంత బెండు ముక్క ఒకటి, దాన్ని వెనుక నుంచి నొక్కే సన్నని స్ప్రింగు ఒకటి, మొత్తం యంత్రాంగం అంతే. బెండు ఎండి బీటలు వారింది. నేను చేతిలో ఉన్న సైకిలు ట్యూబు నుంచి అంతే కొలతకు గుండ్రటి ముక్క కోసి పెట్టాను. మళ్లీ నీళ్లలో ముంచితే బుడగల్లేవు. పని ఇంత తేలిగ్గా అయిపోయిందా అని కొంచెం గర్వపడ్డాను కూడా.

మొదటి రెండు రోజులు స్టవ్వు చక్కగా మండింది. మూడో రోజు డాబా మీద టీ నీళ్లు పెట్టి, పది నిమిషాల తరువాత చూస్తే, పూర్తిగా లోపలికి నొక్కి ఉంచిన పంపు కడ్డీ, ఎవరూ ముట్టుకోకుండానే, మెల్లగా వేలెడంత పైకి లేచి ఉంది. దాని అర్థం అప్పటికి నాకు తెలియదు. వాల్వు దాటి వచ్చిన నూనె కడ్డీని వెనక్కి తోస్తోంది. చూస్తుండగానే పంపు మూత చుట్టూ కిరసనాయిలు చెమ్మగిల్లి, ట్యాంకు పక్కగా జారి, కింద వేడిగా ఉన్న రేకును తాకి భగ్గుమంది. దగ్గరకు వెళ్లి గాలి స్క్రూ తిప్పే ధైర్యం లేదు, తిప్పి ఉంటే మంటలోకి నూనె ఆవిరి చిమ్మేది. మొక్కల కుండీల మీద తడిపి కప్పిన గోనెసంచి తీసి దూరం నుంచి విసిరితే మంట అణిగింది. నా కుడిచేతి వెంట్రుకలు, టీ, ఒక ప్లాస్టిక్ స్టూలు పోయాయి. ఇంట్లో చాలా రోజులు నా వర్క్‌షాపు అన్న మాట ఎవరూ నా ముందు ఎత్తలేదు.

మా వీధి చివర ఇప్పుడు గ్యాసు పొయ్యిలు, కుక్కర్లు బాగుచేసే పెద్దాయన ఒకప్పుడు సైకిలు మీద తిరుగుతూ పంపు స్టవ్వులు రిపేరు చేసేవాడు. వాల్వు తీసుకెళ్లి చూపిస్తే, రబ్బరు ముక్కను గోటితో నొక్కి, అద్దాలు నుదుటి మీదికి జరిపి అన్నాడు: "ట్యూబు ముక్క పెట్టిన్రా సార్? గ్యాసునూనెల నానితె ఇది ఉబ్బుతది. ఉబ్బినంక స్ప్రింగు దాన్ని సక్కగ కూసుండనియ్యది." ఆయన గ్యాసునూనె అన్నది కిరసనాయిలునే. మొదట బిరడాలా బిగిసి, తరువాత మెత్తబడి వంకరపోవడం సహజ రబ్బరు స్వభావం. పెట్రోలియం నూనెలకు తట్టుకునేది నైట్రైల్ రబ్బరు. వేడికి కూడా ఆగాలంటే వైటాన్ అనే కృత్రిమ రబ్బరు మేలు. మోటారు విడిభాగాల దుకాణంలో రెండూ దొరుకుతాయి. వైటాన్ ముక్క పెట్టి ఏడాది కావస్తోంది. పంపు కడ్డీ ఎక్కడ నొక్కి ఉంచితే అక్కడే ఉంటోంది. అయినా ఇప్పటికీ స్టవ్వు వెలిగించాక నా చూపు ముందు మంట మీదికి కాదు, ఆ కడ్డీ మీదికి పోతుంది.

పంపులోని తోలు వాషరు విషయంలో మాత్రం పాత పద్ధతికి మించినది లేదు. పాత చెప్పు అట్టలోంచి గుండ్రంగా కోసి, రెండు రోజులు ఆముదంలో నానబెట్టి, కర్రముక్క మీద గిన్నెలా వంచి కట్టి ఆరబెడితే చాలు. గొట్టం గోడను అది పట్టుకునే తీరును ప్లాస్టిక్ వాషరు పట్టుకోదు.

బర్నరు గొట్టాల లోపల దశాబ్దాల మసి గడ్డకట్టి ఉంది. బర్నరును ట్యాంకు నుంచి విప్పి, సన్నగా ఎర్రబడే దాకా కాల్చి, నీళ్లలో పడేస్తే చటుక్కున ముడుచుకున్న లోహం నుంచి మసి పెచ్చులు విడిపోతాయి. సైకిలు బ్రేకు తీగ చివర పోగులు విడదీసి గొట్టంలో తిప్పితే మిగిలినది వస్తుంది. నాలుగుసార్లు కాల్చి ముంచాక, ఊదితే గాలి అవతలికి ధారగా వచ్చింది. నిపిల్ రంధ్రం మిల్లీమీటరులో మూడో వంతు కూడా ఉండదు. దాన్ని స్టవ్వు పిన్నుతో తప్ప సూదితో గెలకకూడదు. రంధ్రం వెడల్పయితే మంట పసుపురంగుకు తిరుగుతుంది, ఇక దానికి మందు లేదు, నిపిల్ మార్చుకోవడమే. మోత చేయని సైలెంట్ బర్నరు అదే మరకు సరిపోతుంది, పెట్టుకొమ్మని కొందరు సలహా ఇచ్చారు. నేను పెట్టలేదు. బుస్సుమనే ఆ మోత సన్నగిల్లిందంటే నిపిల్‌లో నలుసు పడిందని, తెగి తెగి వస్తోందంటే బర్నరు చల్లారుతోందని వంటగదిలో అటు తిరిగి కూరగాయలు తరిగే మా అమ్మకు తెలిసిపోయేది. గాలి తట్టుకోవడంలో కూడా మోత బర్నరే గట్టిది.

అసలైన మార్పు గాలి గోడ. పదిహేను కిలోల నూనె డబ్బా రేకు తీసుకున్నాను. అది తగరం పూత రేకు. జింకు పూత ఉన్న జీఐ రేకు మంట దగ్గర పెడితే వచ్చే పొగ జ్వరం తెప్పిస్తుంది, దాని జోలికి పోలేదు. డబ్బా మీది రంగులూ అక్షరాలూ గీకి, బయట పెట్టి ఒకసారి కాల్చేశాను. మొదటిసారి గోడను నేల నుంచి గిన్నె దాకా ఒకే చుట్టుగా చుట్టాను. మంట కదలకుండా నిలిచింది కానీ, ఐదు నిమిషాల్లో ట్యాంకు చేతికి అంటుకోలేనంత కాలింది. ట్యాంకు వేడెక్కితే ఒత్తిడి పెరుగుతుంది, ఒత్తిడితో మంట పెరుగుతుంది, మంటతో ట్యాంకు ఇంకా వేడెక్కుతుంది. రెండోసారి, ట్యాంకుకూ బర్నరుకూ మధ్య అడ్డంగా ఒక పళ్లెం బిగించి, గోడను ఆ పళ్లెం మీది నుంచే లేపాను. ట్యాంకు పూర్తిగా బయటి గాలిలోనే ఉండిపోయింది. ఈసారి గిన్నెకూ గోడకూ మధ్య సందు వదలలేదు. మంట పసుపెక్కి, గిన్నె అడుగు మసిబారి, కళ్లు మండించే వాసన వచ్చింది. గాలి చాలక సగం కాలిన మంట అది. కంటికీ ముక్కుకూ తెలియని కార్బన్ మోనాక్సైడ్ కూడా అటువంటి మంటలోనే పుడుతుంది. మూసిన గదిలో, గుడారంలో ఈ స్టవ్వులు వెలిగించకూడదనేది అందుకే. చుట్టూ వేలెడు సందు వదిలి, పళ్లెం అంచున మేకుతో పన్నెండు రంధ్రాలు పొడిచాక నీలి మంట తిరిగి వచ్చింది.

లీటరు నీళ్లు గాలి లేనప్పుడు ఐదున్నర నిమిషాల్లో మరిగేవి. సాయంత్రం డాబా గాలిలో గోడ లేకుండా పది నిమిషాలైనా ఆవిరి తప్ప తెర్లు రాలేదు. గోడతో ఆరు నిమిషాలు పట్టింది. ఆరు నిమిషాల తరువాత ట్యాంకు మీద అరచేయి ఆనించి పది అంకెలు లెక్కపెట్టగలిగాను. నాకు ముఖ్యమైన కొలత ఈ రెండోది.

చిన్న టీ గిన్నె జారిపోకుండా నాలుగు మిల్లీమీటర్ల స్టీలు కడ్డీతో నక్షత్రం ఆకారంలో మూడు చేతుల చుక్క ఒకటి చేశాను. స్పిరిటు గిన్నెలో గ్లాస్ ఫైబర్ తాడు ముక్క చుట్టి పెట్టాను. వాలు నేల మీద స్పిరిటు ఒలకకుండా అది పీల్చుకొని నిలుపుతుంది. ఈ రెండింటికీ కలిపి ఒక ఆదివారం పట్టింది.

రేషను దుకాణంలో నీలం రంగు కిరసనాయిలు దొరికే రోజులు పోయాయి కదా, ఇందులో పెట్రోలు పోస్తే ఏమని ఒక మిత్రుడు అడిగాడు. కిరసనాయిలు ఆవిరి అంటుకోవడానికి కనీసం 38 డిగ్రీల వేడి కావాలి. పెట్రోలుకు సున్నాకు నలభై డిగ్రీలు దిగువన కూడా నిప్పురవ్వ చాలు. పంపు మూత దగ్గర ఆరోజు కారింది పెట్రోలయితే గోనెసంచి విసిరే వ్యవధి ఉండేది కాదు. పెట్రోలుతో నడిచే స్వేయా 123, ఆప్టిమస్ 8ఆర్ వంటి స్టవ్వుల మూతలో ఒత్తిడి మించితే తెరుచుకునే సేఫ్టీ వాల్వు ఉంటుంది. నా ట్యాంకుకు అటువంటిది లేదు. పత్రికల్లో ఒకప్పుడు తరచుగా వచ్చిన "స్టవ్వు పేలి వివాహిత మృతి" అన్న శీర్షికలు కూడా ఈ పని చేస్తున్నప్పుడు గుర్తుకు వస్తాయి. ఆ వార్తల్లో కొన్ని పేలుళ్లు కావని, కట్నం హత్యలని తరువాత కోర్టులే తేల్చాయి. స్టవ్వు మీద నెట్టేసిన నేరాలవి. స్టవ్వు తన తప్పుతో కాల్చిన ప్రమాదాలూ లేకపోలేదు. అందుకే మిత్రుడికి లేదని గట్టిగానే చెప్పాను.

గత నెలలో మిత్రుల మామిడితోటలో మొదటిసారి దీని మీద ఉప్మా చేశాం. గాలి బాగానే వీచింది, మంట కదలలేదు. తిరిగి సర్దేటప్పుడే తెలిసింది, పళ్లెం, గోడ, చుక్క కలిపి పెడితే ప్రైమస్ వారి పెట్టె మూత అర అంగుళం పడడం లేదు. గోడను రెండు ముక్కలుగా కోసి మడత బందు పెట్టాలి. పెట్టెను మాత్రం కోయను.