15 టెరాఫ్లాప్సా, 12 జీబీయా? నా గ్రాఫిక్స్ కార్డు ఎంపిక

హనుమకొండలో పెళ్లి వీడియోలు ఎడిట్ చేస్తుంటాను. నా సిస్టమ్‌లో చాలాకాలం నడిచింది జీటీఎక్స్ 1050 టీఐ, 4 జీబీది. ఫుల్ హెచ్‌డీ రోజుల్లో దానితో ఏ ఇబ్బందీ లేదు. కెమెరాలు 4కేకి మారాకే కష్టాలు మొదలయ్యాయి. కలర్ గ్రేడింగ్ (రంగులు సరిదిద్దడం) మీద నాయిస్ రిడక్షన్ (బొమ్మలో గరుకుతనం తీసేయడం) కూడా వేసేసరికి, జీపీయూ (గ్రాఫిక్స్ కార్డులోని చిప్పు) మెమరీ నిండిపోయిందంటూ రెండర్, అంటే ఫైనల్ వీడియో తయారీ, మధ్యలో ఆగిపోయేది. పెళ్లివారు పెన్‌డ్రైవ్ కోసం వచ్చి కూర్చున్నప్పుడు ఆ మెసేజ్ కనబడితే ఎంత టెన్షనో ఎడిటర్లకు వేరే చెప్పక్కర్లేదు.

2023 చివర్లో ముప్పై వేల లోపు కొత్తది తీసుకుందామని కూర్చుంటే మూడు కార్డులు తేలాయి: ఎన్‌విడియా ఆర్‌టీఎక్స్ 3060 (12 జీబీ), ఆర్‌టీఎక్స్ 4060 (8 జీబీ), ఏఎండీ ఆర్‌ఎక్స్ 7600 (8 జీబీ). స్పెసిఫికేషన్లు పక్కపక్కన పెడితే మొదట కళ్లకు కొట్టేది టెరాఫ్లాప్స్, అంటే సెకనుకు ఎన్ని లక్షల కోట్ల దశాంశ లెక్కలు చేయగలదో చెప్పే అంకె. 3060కి 12.7, 4060కి 15.1, 7600కి ఏకంగా 21.7. ఆ లెక్కన ఏఎండీ కార్డు మిగతా రెండింటినీ చిత్తుగా ఓడించాలి. కానీ గేముల్లో పరీక్షించినవాళ్ల ఫలితాలు చూస్తే 7600, 4060 ఇంచుమించు పక్కపక్కనే నడుస్తున్నాయి. మరి మిగిలిన ఆరు టెరాఫ్లాప్స్ ఎటు పోయినట్టు?

కాలిక్యులేటర్ తీశాక అర్థమైంది. ఆ అంకె ఎవరూ కార్డును నడిపి కొలిచింది కాదు, ఉత్త గుణకారం. కోర్ల (చిప్పులో లెక్కలు చేసే చిన్న యూనిట్ల) సంఖ్యను బూస్ట్ క్లాక్‌తో (కంపెనీ ప్రకటించే పై వేగంతో) హెచ్చవేసి, మళ్లీ రెండుతో హెచ్చవేస్తారు. ఒక్కో కోరు ఒక్కో క్లాక్‌కి ఒక గుణకారం, ఒక కూడిక కలిపి చేయగలదు కాబట్టి ఆ రెండు. 3060లో 3584 కోర్లు, 1777 మెగాహెర్ట్జ్. హెచ్చవేస్తే 12.7 టెరాఫ్లాప్స్ సరిగ్గా వస్తుంది. 4060లో కోర్లు తగ్గి 3072 అయ్యాయి, క్లాక్ మాత్రం 2460కి పెరిగింది. అదీ 15.1 కథ. 7600కి మాత్రం ఇదే సూత్రం వాడితే 2048 కోర్లకు 10.9 కంటే రాదు. ఆ తరం చిప్పుల్లో వీలు కుదిరినప్పుడు ఒకే క్లాక్‌లో రెండు ఆదేశాలు జంటగా పంపొచ్చు, అందుకని ఇంకో రెండుతో హెచ్చించి 21.7 అని రాస్తారు. అలా జంట కుదిరే సందర్భాలు అసలు ప్రోగ్రాముల్లో తక్కువ. రాసింది అబద్ధం కాదు, అలాగని చేతికి వచ్చేదీ కాదు.

ఇది ఏఎండీ ఒక్కదాని తెలివి అనుకోవద్దు. 2020లో ఎన్‌విడియా 3070కి 20.3 టెరాఫ్లాప్స్ వచ్చాయి. అంతకుముందు తరంలో పెద్దదైన 2080 టీఐకి ఉన్నవి 13.4. అయినా ఆ రెండూ దాదాపు ఒకే వేగం. కొత్త చిప్పులో సగం కోర్లు పూర్ణాంకాల పని కూడా చూసుకోవాలి, అవి ఆ పనిలో పడ్డప్పుడు టెరాఫ్లాప్స్ లెక్కలోంచి తప్పుకుంటాయి. తరం మారినా, కంపెనీ మారినా ఈ అంకెతో పోల్చడం దండగ. ఒకే తరంలో, ఒకే కంపెనీ కార్డుల మధ్యయితే కొంత పనికొస్తుంది.

ఆ 'కొంత' ఎంతో సికింద్రాబాద్‌లోని కంప్యూటర్ల మార్కెట్ సీటీసీలో తెలిసింది. కౌంటర్ మీదున్న అబ్బాయి, "గేమింగ్‌కా, ఎడిటింగ్‌కా సార్?" అని అడిగి, ఎడిటింగ్ అన్నా సరే 4060నే ముందు పెట్టాడు. "కొత్త జనరేషన్ సార్, కరెంట్ గూడ తక్కువ తాగుతది." నిజమే, 3060 170 వాట్లు తీసుకునే చోట దానికి 115 చాలు. నాకు 3060 కావాలంటే లోపలికెళ్లి ఇంకో డబ్బా తెచ్చాడు. "ఇది ఇంక తక్కువకొస్తది."

డబ్బా తిప్పి చూస్తే 8 జీబీ. 2022 చివర్లో అదే పేరుతో వచ్చిన రకం అది. కోర్లు అవే 3584, క్లాక్ అదే, టెరాఫ్లాప్స్ కూడా అవే 12.7. మెమరీ బస్ (చిప్పుకీ మెమరీకీ మధ్య దారి వెడల్పు) మాత్రం 192 బిట్ల నుంచి 128కి తగ్గింది. బస్‌ని ఎనిమిదితో భాగించి మెమరీ వేగంతో హెచ్చిస్తే బ్యాండ్‌విడ్త్, అంటే ఆ దారిలో సెకనుకు ఎంత డేటా నడవగలదో, వస్తుంది: 12 జీబీ దానికి సెకనుకు 360 గిగాబైట్లు, ఈ డబ్బాలో దానికి 240. పెళ్లి భోజనాల్లో వంటవాళ్లు పదిమంది ఉన్నా వడ్డించేవాళ్లు ఇద్దరే అయితే బంతి ఎంతకీ లేవదు కదా, అదీ దీని పరిస్థితి. డబ్బా వెనక్కిచ్చి 12 జీబీదే చూపించమన్నాను.

4060 బ్యాండ్‌విడ్త్ 272. కాగితం మీద 3060 కంటే తక్కువే అయినా, ఆ లోటు తీర్చడానికి ఎల్2 కాష్ (చిప్పులోనే ఉండే చిన్న, వేగమైన మెమరీ) 24 మెగాబైట్లు ఇచ్చారు, 3060లో అది 3 మాత్రమే. కాష్ పుణ్యమా అని 453కి సమానంగా పనిచేస్తుందని ఎన్‌విడియా చెప్పింది. గేముల వరకు ఒప్పుకుంటాను. నా పనిలో ఒక్క 4కే ఫ్రేమ్‌నే నాలుగు ఛానెళ్లతో (మూడు రంగులు, పారదర్శకత), ఒక్కో విలువకి 32 బిట్ల చొప్పున లెక్కవేస్తే దాదాపు 133 మెగాబైట్లు. అది 24లో ఎక్కడ పడుతుంది? నాయిస్ రిడక్షన్‌కి ముందూ వెనకా ఫ్రేములు కూడా పట్టి ఉంచుకోవాలాయె. పైగా నా మదర్‌బోర్డు పీసీఐఈ 3.0ది, అంటే కార్డు కూర్చునే స్లాట్ పాత తరానిది. 4060, 7600 రెండూ ఆ స్లాట్‌లో ఎనిమిది లేన్లే (డేటా దారులే) వాడతాయి, 3060 పదహారూ వాడుతుంది. వీర్యామ్ (కార్డు మీది మెమరీ) నిండి డేటా కంప్యూటర్ ర్యామ్‌లోకి పొర్లితే పాత బోర్డులో ఈ తేడా తగులుతుంది. గేములాడే మా తమ్ముడికైతే మారుమాట లేకుండా 4060 తీసుకోమనేవాణ్ని. నేను 3060 బిల్లు వేయించుకున్నాను.

ఎస్‌ఎంపీఎస్ (కంప్యూటర్‌కి కరెంట్ ఇచ్చే పవర్ సప్లై) ఖర్చు అదనం. పాత 1050 టీఐ 75 వాట్లు స్లాట్ నుంచే తీసుకునేది, దీనికి విడిగా 8 పిన్ల వైరు కావాలి. ఇంటికి రాగానే కార్డు వివరాలు చూపే జీపీయూ-జెడ్ అనే సాఫ్ట్‌వేర్ తెరిచి షేడర్లు (అంటే కోర్లే) 3584, బస్ 192 బిట్, బ్యాండ్‌విడ్త్ 360 అని చూసుకున్నాకే డబ్బా అటక మీద పెట్టాను. క్లాక్ 1777 అని రాసి ఉన్నా, రెండర్ నడిచేటప్పుడు 1850 దాటుతోంది. మే నెల మధ్యాహ్నాల్లో మాత్రం కొంచెం కిందికి దిగుతుంది.

పాత కార్డు 2.1 టెరాఫ్లాప్స్, కొత్తది ఆరు రెట్లు. రెండర్ టైమ్ ఆరో వంతుకి పడిపోలేదు. నాయిస్ రిడక్షన్ ఉన్న చోట బాగా తగ్గింది, మామూలు కట్స్ ఎక్స్‌పోర్ట్‌లో అంతగా లేదు. అక్కడ పనిచేసేది కోర్లు కాదు, వీడియోను కుదించి ఫైలుగా మార్చే, విడిగా ఉండే ఎన్‌కోడర్. మెమరీ నిండిందన్న మెసేజ్ మాత్రం మళ్లీ రాలేదు. తీరని సమస్య ఒకటి మిగిలింది: కొందరు కెమెరామెన్లు 4:2:2 10 బిట్‌లో (రంగుల వివరం ఎక్కువుండే ఫార్మాట్) తీసి పంపుతారు. దాన్ని కార్డులోనే డీకోడ్ చేసే (విప్పి చూపే) ఏర్పాటు ఎన్‌విడియా 30 సిరీస్‌లోనూ లేదు, 40 సిరీస్‌లోనూ లేదు, 2025లో వచ్చిన 50 సిరీస్‌లో పెట్టారు. ఆ రకం ఫుటేజ్ వస్తే రాత్రి ప్రాక్సీలు (ఎడిటింగ్‌కి వాడుకునే తేలికపాటి కాపీలు) తయారవడానికి పెట్టి పడుకుంటున్నాను.