లాక్‌మన్ గట్టిగా ఉన్నా మోకాలు తిరిగిపోతుంటే

ఫిజియోథెరపీలో మోకాళ్ళు చూడటమే నా పని. ఏసీఎల్ (మోకాలి నడుమ ఎముకల్ని కలిపి పట్టే లిగమెంటు, అంటే నారపట్టీ) ఆపరేషన్ అయ్యాక "నడిస్తే బాగానే ఉంది, ఠక్కున పక్కకి తిరిగితే పట్టు తప్పుతోంది" అంటూ వస్తారు. అలాంటి మోకాల్లో లోపం ఎక్కడుందో తేల్చేదాకా నేను చేసే తంతు ఇది. ఇవాళ చూసిన రిపోర్టులో "గ్రాఫ్ట్ బాగుంది, మోకాలు స్థిరంగా ఉంది" అని రాసుంది. గ్రాఫ్ట్ అంటే తెగిన ఏసీఎల్ చోట అమర్చిన నార. తిప్పి చూసినట్టు ఒక్క ముక్క లేదు. ఆ కోపంతోనే రాస్తున్నాను.

వాపు ఉందా, కాలు పూర్తిగా చాచగలరా అన్నది చిటికెలో తేలిపోతుంది. లాక్‌మన్ పరీక్ష కూడా అంతే: మోకాలిని 20-30 డిగ్రీలు మడిచి టిబియాని (మోకాలి కింది పెద్ద ఎముకని) ముందుకు లాగితే చివర్లో గట్టిగా ఆగాలి. రెండో కాలికన్నా 3 మిల్లీమీటర్లు మించి వస్తే అనుమానించాలి. రాకపోతే ముందుకు జారడం అదుపులో ఉందని అర్థం, అంతవరకే. చాలామంది ఇక్కడే ఫైలు మూసేస్తారు.

అసలు కష్టమంతా తిప్పుడు పట్టుని చూసే పివట్ షిఫ్ట్ పరీక్షతో. పేషెంటుని వెల్లకిలా పడుకోబెట్టి, కాలు పూర్తిగా చాపించి, ఒక చేత్తో మడమ పట్టుకుని పాదాన్ని కొద్దిగా లోపలికి తిప్పాలి. రెండో అరచేతిని మోకాలికి కాస్త దిగువన బయటి పక్కన ఆనించి, లోపలికి నెడుతూ మెల్లగా మడవాలి. తిప్పుడు పట్టు పోయిన మోకాల్లో కాలు చాచి ఉండగానే టిబియా బయటి సగం ముందుకు జారి ఉంటుంది. 20-40 డిగ్రీల మధ్య, తొడ బయటి పక్కనుంచి దిగే ఐటీ బ్యాండ్ అనే నారపట్టీ మోకాలి ఇరుసు దాటి వెనక్కి మారుతుంది. మారగానే టిబియాని గుంజి దాని చోట్లో పడేస్తుంది. ఆ 'టక్' నా చేతికి తెలుస్తుంది, పేషెంటుకి అంతకన్నా బాగా తెలుస్తుంది. "ఇదేనండీ, ఆడేటప్పుడు ఇదే అవుతోంది" అంటారు. మెత్తగా జారితే ఒకటో గ్రేడు, టక్కుమంటే రెండు, జారినచోట కాసేపు ఇరుక్కుని పెద్దగా వెనక్కి పడితే మూడు.

చెప్పడానికి ఇంతే, చేయబోతే రాదు. మెలకువగా ఉన్న మనిషికి భయంతో తొడ వెనక కండరాలు బిగుసుకుంటాయి, టిబియాని వెనక్కే పట్టి ఉంచుతాయి. అందుకే ముందు మంచి కాలికి చేసి చూపిస్తాను, ఆ కండరాలు మెత్తబడ్డాకే రెండో కాలు ముడతాను. తుంటి దగ్గర కాలిని కాస్త బయటికి జరిపితే ఐటీ బ్యాండ్ వదులై టక్ తేలిగ్గా బయటపడుతుంది. పాదాన్ని మరీ బలంగా లోపలికి తిప్పితే ఆ బ్యాండే బిగిసి జారుడుని అడ్డుకుంటుంది. ఎంసీఎల్ (మోకాలి లోపలి పక్క లిగమెంటు) తెగి ఉంటే బయటి పక్క ఎముకలు ఒకదానిమీదొకటి నొక్కుకోవు, ఏసీఎల్ పూర్తిగా పోయినా టక్ రాదు. మెనిస్కస్ (కీలులో ఎముకల మధ్య ఉండే మెత్త) ముక్క అడ్డుపడి కాలు పూర్తిగా చాచలేకపోతే పరీక్ష మొదలే కాదు. నెగెటివ్ వచ్చిందంటే మోకాలు బాగుందని రాసేయడం అందుకే అన్యాయం. ఒకసారి టక్ వచ్చాక పక్కవాళ్ళకి చూపించడానికి మళ్ళీ మళ్ళీ చేయడం ఇంకా అన్యాయం, చేసినప్పుడల్లా కార్టిలేజ్ (ఎముక కొసల మీది నునుపు పొర) నలుగుతుంది. ఇంట్లో ఎవరూ చేసుకోవద్దు.

"ఎమ్మారై బాగుంది కదా" అంటారు. అది కదలకుండా పడుకున్న మోకాలికి తీసిన బొమ్మ. గ్రాఫ్ట్ ఉందో లేదో చెబుతుంది, తిరుగుడుని ఆపుతోందో లేదో చెప్పదు.

ఏసీఎల్ మోకాలి నట్టనడుమ, తిరిగే ఇరుసుకి దగ్గరగా ఉంటుంది. తలుపుని బందుల దగ్గర పట్టుకుని ఆపాలంటే ఎంత బలం కావాలో, అంచు దగ్గర ఎంత తక్కువ చాలో తెలిసిందే. అందుకే అంచున ఉన్నవాటి మాట కలుపుకోవాలి. టిబియా లోపలికి తిరగకుండా బయటి పక్కన ఐటీ బ్యాండ్ లోతు పోగులు, యాంటీరోలేటరల్ లిగమెంట్, బయటి మెనిస్కస్ వెనక వేరు (అది ఎముకకి అతుక్కునే చోటు) కాస్తాయి. 2013లో "కొత్త లిగమెంట్" అని వార్తల్లో మోగింది ఆ యాంటీరోలేటరల్ లిగమెంటే. ఫ్రెంచ్ సర్జన్ పాల్ సెగోండ్ 1879లోనే అక్కడి మెరిసే నారపట్టీ గురించి రాశాడు. నా దృష్టిలో ఎక్కువ బరువు మోసేది ఐటీ బ్యాండే. ఏసీఎల్‌లోనూ రెండు కట్టలున్నాయి, కాలు చాచినప్పుడు బిగిసే వెనక-బయటి కట్టకి తిప్పుడుతో ఎక్కువ సంబంధం. పాత పద్ధతిలో టిబియా సొరంగం గుండానే తొడ ఎముకకి కన్నం వేస్తే గ్రాఫ్ట్ నిలువుగా కూర్చునేది. ముందుకు లాగితే గట్టిగా ఆపేది, తిప్పితే వదిలేసేది. లాక్‌మన్ బాగుండి పివట్ షిఫ్ట్ వచ్చే మోకాల్లో నేను మొదట అడిగేది ఈ సొరంగాల ఎక్స్‌రేనే.

బయటికి తిరగడానికి డయల్ టెస్ట్. బోర్లా పడుకోబెట్టి 30 డిగ్రీల దగ్గర, తర్వాత 90 దగ్గర రెండు పాదాల్నీ బయటికి తిప్పుతాను. రెండో కాలికన్నా 10 డిగ్రీలు మించి తిరిగితే తేడా ఉన్నట్టే. 30 దగ్గరే వస్తే మోకాలి వెనక-బయటి మూల, రెండు చోట్లా వస్తే పీసీఎల్ (ఏసీఎల్ వెనకుండే జత లిగమెంటు) కూడా. ఇందులో ఒక మెలిక ఉంది. ఎంసీఎల్ వదులైనా పాదం అలాగే బయటికి తిరుగుతుంది. వెల్లకిలా తిప్పి, టిబియా లోపలి సగం ముందుకొస్తోందా, బయటి సగం వెనక్కి పడుతోందా అని వేళ్ళతో చూస్తేగానీ తేలదు. ఇది చూడకుండా ఆపరేషన్ రాయించుకుంటే తప్పు పక్కన కోత పడుతుంది.

ఆపరేషన్‌కి వెళ్ళేవాళ్ళు సర్జన్‌ని ఒకటి అడగండి: మత్తు ఎక్కాక, కోత పెట్టకముందు, రెండు మోకాళ్ళకీ పివట్ షిఫ్ట్ గ్రేడు రాస్తారా అని. కండరాలు వదులయ్యాక నిజం అక్కడే బయటపడుతుంది. వయసు తక్కువై, మెలికలు తిరిగే ఆటలు ఆడుతూ, గ్రేడు ఎక్కువ ఉంటే బయటి పక్కన టెనోడెసిస్ (నారపట్టీని ఎముకకి బిగించడం) కలపడం గురించి మాట్లాడండి. ఐటీ బ్యాండ్ నుంచి సుమారు 1 సెంటీమీటరు వెడల్పు, 8 సెంటీమీటర్ల పొడవు పట్టీ తీసి, ఎల్‌సీఎల్ (బయటి పక్క లిగమెంటు) కిందుగా పోనిచ్చి తొడ ఎముకకి బిగిస్తారు. బిగించేటప్పుడు పాదం తటస్థంగా ఉండాలి, లాగుడు తక్కువగా ఉండాలి. బయటికి తిప్పి గట్టిగా లాగి కడితే టిబియా అటే బిగుసుకుపోతుంది. 2020లో వెలువడిన ట్రయల్‌లో 25 ఏళ్ళు, అంతలోపువాళ్ళకి హామ్‌స్ట్రింగ్ (తొడ వెనక కండరపు నార) గ్రాఫ్ట్‌తోపాటు ఇది చేస్తే గ్రాఫ్ట్ తెగడం 11 శాతం నుంచి 4 శాతానికి తగ్గింది. ఎంసీఎల్ కూడా వదులుగా ఉంటే అదే కాలి హామ్‌స్ట్రింగ్ తీయొద్దని చెప్పండి. లోపలి పక్కని కాస్తున్న కండరం అదే.