మిషన్‌కు బొట్టుబిళ్ల ఎందుకంటే

టెన్షన్ అంటే నాకు మొదట గుర్తొచ్చేది మిషన్ మీద ఉండే చిన్న చక్రం. పైదారం దాని రేకుల మధ్య నుంచి పోతుంది. ఎక్కువ బిగిస్తే దారం పటుక్కున తెగుతుంది. మరీ వదులు చేస్తే గుడ్డ అడుగున ఉచ్చులు పడతాయి. కడపలో పద్దెనిమిదేండ్లుగా రవికలు కుడుతున్నా. ఏ గుడ్డకు ఎంత తిప్పాలో నా వేళ్లకు తెలుసు, నోటితో చెప్పమంటే చెప్పలేను. అట్లాంటి నాతో పండ్ల డాక్టరమ్మ "నీకు టెన్షన్ ఎక్కువైందక్కా" అంటే నవ్వొచ్చింది. నవ్వబోతే దవడ పట్టేసింది.

అది 2024 మే నెల. నొప్పి మాత్రం మాఘం నుంచే ఉంది.

ఆ ఏడు ఏప్రిల్ ఆఖర్లో శుక్రమూఢం మొదలైంది. నడుమ గురుమూఢం. అవి పోయేసరికి ఆషాఢం. శ్రావణం దాకా ముహూర్తాలు లేవని పంతుళ్లు ముందే చెప్పేసినారు. ఇంకేముంది, ఏడాది పొడుగునా జరగాల్సిన పెండ్లిండ్లన్నీ మాఘానికీ చైత్రానికీ మధ్య కుక్కినారు. వై.వి. స్ట్రీట్‌లో చీరలు కొని, ఆ సంచీ అట్లనే తెచ్చి నా బల్ల మీద పెట్టేవాళ్లు. "ఎల్లుండికి కావాలక్కా" అనేది పలకరింపు. నా దగ్గర చేతిపని చేసే పాపకు కూడా సరిగ్గా అదే అదనులో పెండ్లి కుదిరింది. సంతోషమే. కానీ కాజాలు, హుక్కులు, ఫాల్స్ అన్నీ నా నెత్తిన పడినాయి. దానికి తోడు మా పాప ఇంటర్ ఫీజు, డ్వాక్రా కంతు. రాత్రి ఒంటిగంటకు లేచి పడుకుంటే ఐదుకు మళ్లీ మిషన్ దగ్గరే.

గుండుసూదులు పెదవుల మధ్య పెట్టుకోవడం మా పనిలో అందరికీ ఉన్న అలవాటే. నేను మాత్రం పండ్ల మధ్య పట్టుకుంటానని చాన్నాళ్ల వరకు నాకే తెలియదు. సూదులు లేనప్పుడు కూడా పండ్లు అట్లనే బిగిసి ఉంటాయని అసలు తెలియదు.

మొదట పొద్దున లేవగానే కణతల నొప్పి. కండ్లజోడు మార్చాలేమో అనుకున్నా, మార్చినా. తర్వాత చెవిలో పోటు. చెవి డాక్టరు లైటు వేసి చూసి "చెవులు శుభ్రంగా ఉన్నాయమ్మా" అన్నాడు. శుభ్రంగా ఉన్న చెవి ఎందుకు నొస్తుందో ఆయన చెప్పలేదు, నేను అడగలేదు. తర్వాత కింది దవడ పన్ను. ఒకచోట చూపిస్తే రెండు మాటలు కూడా మాట్లాడకుండా పీకేసినారు. మూడు రోజుల తర్వాత నొప్పి పక్క పన్నులోకి వచ్చింది. మంచి పన్ను పోయిందనే బాధ ఇప్పటికీ ఉంది. నాలుక అప్పుడప్పుడు ఆ సందులోకి పోయి వెతుక్కుంటుంది. ఇక ఊర్లో ఆరెంపీ ఇచ్చిన నొప్పి బిళ్లలు. రోజుకు రెండు, పని ఎక్కువుంటే మూడు. నెల తిరిగేసరికి కడుపులో మంట మొదలైంది.

అసలు సంగతి కనిపెట్టింది మా ఇంటాయన.

"ఏం మే, రాత్రంతా పండ్లు కొరుకుతాండావు. రోట్లో శెనక్కాయలు నూరినట్టుంది సప్పుడు."

"నేనా? నువ్వు గురకపెట్టేది నీకే వినపడుతుందేమో" అని కసిరినా. మరుసటి రాత్రి ఫోనులో రికార్డు చేసి వినిపించినాడు. నా నోట్లోంచి అంత సప్పుడు వస్తుందని వింటే ఒళ్లు జలదరించింది.

ఇంతలో మూఢాలు రానే వచ్చినాయి. అందరిదీ ఒకటే మాట, "ఇంక పెండ్లిండ్లు లేవు కదా, మూడు నెలలు హాయిగా రెస్టు తీసుకో." నేనూ అదే నమ్మినా. మే 13 ఎన్నికల కోసం వీధిలో ప్రచార ఆటోల మైకులు తప్ప నా అంగట్లో సప్పుడే లేదు. పది రోజులు మధ్యాహ్నం పూట పడుకున్నా, సీరియళ్లు చూసినా, మా అమ్మ ఊరికి పోయి నాలుగు రోజులున్నా. దవడ మాత్రం ఇంచు కూడా వదల్లేదు. ఇంకా ఎక్కువైంది. పని ఉన్నప్పుడు రేపటి రవికల గురించి ఆలోచన, పని లేకపోతే రేపటి కంతు గురించి. చాప మీద పడుకునే ఉంటా, భుజాలు మాత్రం చెవుల దాకా ఎక్కి ఉంటాయి. అప్పుడు నాకు భయమేసింది. పని తగ్గితే పోతుందనుకున్న జబ్బు పని లేకపోయినా పోలేదంటే, ఇది ఇంకేదో పెద్దదే అనుకున్నా.

మా వదిన బలవంతం మీద ఇంకో పండ్ల డాక్టరమ్మ దగ్గరికి పోయినా. చిన్న వయసు. నోరు తెరిపించి, అద్దం పెట్టి, నా పండ్లను నాకే చూపించింది. కొసలు అరిగి చదునైపోయినాయి. చెంప మీద వేలు పెట్టి "పండ్లు బిగించు, వదులు" అన్నది. నమిలే కండరం అక్కడ గట్టిగా లేచింది. "చూడక్కా, ఇది రాత్రంతా పని చేస్తాంది. చెవి నొప్పి, కణతల నొప్పి దీని పుణ్యమే. చెవి ముందర దవడ కీలు కదా ఉండేది" అన్నది. తిండి నమిలేటప్పుడు, మింగేటప్పుడు తప్ప పైపండ్లు, కిందిపండ్లు తగలకూడదంట. పెదాలు మూసుకున్నా లోపల పండ్ల మధ్య సందు ఉండాలంట. నలభై రెండేండ్లు వచ్చినాయి, నోరు ఎట్ల మూసుకోవాలో అప్పుడు నేర్చుకున్నా.

నైట్ గార్డు చేయించమన్నది. పండ్ల అచ్చు తీసి, పై వరసకు సరిపోయేట్టు ప్లాస్టిక్ తొడుగు. నాలుగు వేలు అనగానే నా మొహం చూసి, తానే ఉన్నమాట చెప్పింది. "ఇది పండ్లను అరిగిపోకుండా కాపాడుతుందక్కా. కొరకడాన్ని ఆపదు. అది ఆపేది నువ్వే, పగటిపూట." మందు చీటీలో ఇట్లాంటి నిజాయితీ అరుదు. ఇప్పుడు ఆమె రవికలు కుట్టేది నేనే.

పగటిపూట ఎట్ల ఆపాలి? "'న' అని పలికి ఆగు" అన్నది. పలికి చూడండి. నాలుక కొస పైపండ్ల వెనక అంగిట్లో ఆనుకుంటుంది, పండ్లు విడిపోతాయి. నాలుకను అక్కడే ఉంచి పెదాలు మూయాలి. అంతే. కానీ గుర్తుండేదెట్ల? ఇంట్లో అక్కడక్కడ ఏదైనా గుర్తు అంటించుకో, అది కనపడినప్పుడల్లా దవడ చూసుకో అన్నది. నా దగ్గర బొట్టుబిళ్లలకు ఏం కొదవ? మిషన్ మీద టెన్షన్ చక్రం పక్కన ఒకటి, కత్తెర పిడికి ఒకటి, ఫోను వెనక ఒకటి, ఫ్రిజ్ తలుపుకు ఒకటి. మొదటి రోజు నలభై సార్లు చూసుకుంటే నలభై సార్లూ పండ్లు బిగిసే ఉన్నాయి. నా మీద నాకే కోపం వచ్చింది. కోపంతో ఇంకా బిగిసినాయి.

తిండి సంగతి తేలిగ్గానే జరిగింది. "కొన్నాళ్లు మెత్తటివి తిను, శెనక్కాయలు, చెరుకు, మటన్ ఎముకలు వద్దు" అంటే, "సంగటి తినచ్చా మేడం" అని అడిగినా. "దాన్ని నమిలేవాళ్లు ఎవరున్నారు ఈ జిల్లాలో" అని నవ్వింది. నిజమే, రాగిసంగటి ముద్ద పులుసులో ముంచి మింగేదే. పొద్దున అది, రాత్రి పెరుగన్నం. సాయంత్రం ఆరు దాటినాక టీ మానేసినా, అదొక్కటే కష్టమైంది. చెంపలకు కాపడం పెట్టమన్నది. కడపలో మే నెల ఎండలో కాపడమా అని మా పాప నోరెళ్లబెట్టింది. ఇస్త్రీపెట్టె కింద లైనింగ్ గుడ్డ పెట్టి, గోరువెచ్చగా చేసుకొని, పది నిమిషాలు చెంపకు ఆనించేదాన్ని. చెమట కారిపోయేది, కానీ కండరం మెత్తబడేది.

నిద్ర మాత్రం రాలేదు. ఒక రాత్రి రెండింటికి లేచి కూర్చుంటే మా పాప తన ఫోనులో ఒక నంబరు చూపించింది, 14416. టెలీ మానస్ అంట, 2022లో కేంద్ర ప్రభుత్వం పెట్టిందంట, డబ్బులు కట్టేది లేదంట. "నాకేమన్నా పిచ్చా?" అన్నా. "పిచ్చోళ్లు ఫోన్ చేయరు మా, నువ్వు చెయ్" అన్నది. దాని లెక్క నాకు అర్థం కాలేదు గానీ చేసినా. తెలుగులోనే మాట్లాడినారు. పేరు చెప్పడానికి సిగ్గుపడి నేను రవికల సంగతి మొదలుపెడితే, అవతల అమ్మాయి ఓపిగ్గా విన్నది. రెండు పనులు చెప్పింది.

ఒకటి, సాయంత్రం ఒక టైము పెట్టుకొని, మనసులో ఉన్న గుబులంతా కాగితం మీద పెట్టమన్నది. రాత్రి అదే గుబులు వస్తే "నీ టైము రేపు ఐదింటికి" అని చెప్పమన్నది. ఆర్డర్ల పుస్తకం వెనక పేజీలు ఖాళీగా ఉంటే అక్కడ రాసినా. ముందు నుంచి తిప్పితే ఛాతీ కొలతలు, చేతి పొడుగులు. వెనక నుంచి తిప్పితే కంతులు, పాప చదువు, పీకించుకున్న పన్ను. మూడో రోజుకే తెలిసిందేందంటే, రాసేవి రోజూ అవే ఐదారు. రాత్రిపూట అవే యాభై లెక్క కనపడేవి.

రెండోది ఒళ్లు బిగించి వదలడం. దాదాపు వందేండ్ల కిందట ఎడ్మండ్ జేకబ్సన్ అనే అమెరికా డాక్టరు మొదలుపెట్టిన పద్ధతంట. మా ఇంట్లో ఎర్రగుంట్ల దిక్కు నుంచి తెచ్చి పరిచిన నల్లబండలు ఉన్నాయి, బయటోళ్లు కడప బండలంటారే, అవి. మధ్యాహ్నం నీళ్లు చల్లి తుడిచి, వాటి మీద వెల్లకిలా పడుకునేదాన్ని. పిడికిళ్లు ఐదు అంకెలు బిగించి ఒక్కసారి వదిలేయాలి. వదిలినాక అరచేతులు ఎట్లున్నాయో కాసేపు చూసుకోవాలి. తర్వాత మోచేతులు, భుజాలు చెవుల దాకా, కడుపు, తొడలు, పిక్కలు. మొదటి రోజు పిక్క ఎక్కువ బిగించి పట్టేసింది, లేచి ఇల్లంతా కుంటినా. మెల్లగా బిగిస్తే చాలని అప్పుడు తెలిసింది. దవడను మాత్రం బిగించొద్దని చెప్పినారు, ఆవులింత తీసినట్టు నిదానంగా తెరిచి వదిలేయడమే.

నాలుగైదు రోజులకు భుజాల దగ్గర ఒకటి జరిగింది. పైకి లేపి వదిలినప్పుడు, అవి నేను అనుకున్న చోటు కంటే ఇంకా కిందికి పోయినాయి. ఇంత కింద వీటికి చోటుందా అనిపించింది. ఇన్నాళ్లూ పడుకున్నా గానీ వదల్లేదని అప్పుడు అర్థమైంది. ఎందుకో కండ్లల్లో నీళ్లు తిరిగినాయి. బండ చల్లగా వీపుకు తగులుతా ఉంటే అట్లనే నిద్రపోయినా, పట్టపగలు, గంటన్నర.

ఊపిరి సంగతి కూడా ఉంది. ముక్కుతో నాలుగు అంకెలు లోపలికి, ఆరు అంకెలు బయటికి. బయటికి వదిలేది పొడుగ్గా ఉంటే గుండె దడ నెమ్మదిస్తుంది. నేను కుట్టే రవికలకు హుక్కులు ఆరు, కాబట్టి గుర్తుపెట్టుకోవడం కష్టం కాలేదు. పాదం పెడల్ మీద పెట్టే ముందు ఐదు ఊపిర్లు. ఇప్పటికీ అంతే.

పనికిరానివీ చెప్తా. ఫోనులో వేణువు పెట్టి కండ్లు మూసుకోమనే వీడియోలు నాకు పడలేదు, కండ్లు మూస్తే కుట్టని రవికలే కనపడేవి. పొద్దున్నే దేవుని కడప చెరువు దిక్కు నడకకు పోయినప్పుడు, ఫోను వెంట తీసుకుపోయిన రోజుల్లో నడక నడక కాలేదు, కస్టమర్లతో మాటలే. ఇంట్లో పెట్టి పోయిన రోజుల్లో పాలకొండల మీద వెలుతురు మారడం చూసుకుంటా తిరిగొచ్చేదాన్ని. కొందరికి వేణువే పడుతుందేమో.

జూన్ నడుమ చెవి పోటు తగ్గింది. నొప్పి బిళ్లలు మానేసినాక కడుపు మంట పోయింది. జులైకి పొద్దున తలనొప్పి వారానికి ఒకటో రెండో. నైట్ గార్డు మీద మాత్రం గీతలు పడుతూనే ఉన్నాయి. డాక్టరమ్మ వాటిని చూసి "ఇవి నీ పండ్ల మీద పడాల్సినవి" అన్నది.

శ్రావణం రాగానే జనం మళ్లీ వచ్చినారు. ఆగస్టు 16న వరలక్ష్మీ వ్రతం, దాని ముందరి బుధవారం అంగట్లో కాలు పెట్టే సందు లేదు. ఈసారి రోజుకు ఇన్నే అని పుస్తకంలో గీత గీసినా, గీత దాటితే తీసుకోలేదు. ఇద్దరు కోపంతో వెళ్లిపోయినారు. ఒకామె మాత్రం నిలబడి గట్టిగానే మొదలుపెట్టింది, "మూడేండ్ల నుంచి నీ దగ్గరే కుట్టిస్తాండా, నాకు లేదంటావా" అని. నా దవడ బిగుసుకుంటున్నట్టు తెలుస్తానే ఉంది. చక్రం పక్కన బొట్టుబిళ్ల కనపడింది. నాలుక కొస పైకి పెట్టి, ఆరు హుక్కులంత ఊపిరి వదిలినా.

నేను ఏమీ అనకపోయేసరికి ఆమె చూపు మిషన్ మీదికి పోయింది.

"ఇదేందక్కా, ఆయుధపూజ ఇంకా రాకముందే మిషన్‌కు బొట్టు పెట్టినావు?"

"దిష్టికి" అన్నా.